రొట్టె వెనక చంద్రవంక

సాయంత్రం చాయ్‌లోకి రొట్టె తుంచబోతుంటే హసియెత్ అరచేతికి ఏదో గరుకుగా తగిలింది. రొట్టెను బోర్లిస్తే పాపం కాబట్టి ముఖం పైకే ఉంచి, అడుగున వేళ్ళతో తడిమింది. ఒక వంపు. ఆ వంపు ఒడిలో ఒక చుక్క. చుట్టూ సన్నటి గీతలు. తెలిసిన ఆకారమే, కానీ ఒప్పుకోవడానికి మనసు రాక ఇంకోసారి తడిమింది. చివరికి లోలోపల తప్పు క్షమించమని వేడుకుని రొట్టెను తిప్పింది.

రొట్టె వీపు మీద, కాస్త మాడిన గుండ్రటి మచ్చలో, చంద్రవంక, నక్షత్రం. వాటి చుట్టూ అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలు.

పెరట్లో కట్టెలు చీలుస్తున్న మొగుణ్ణి కేకేసి పిలవలేదు. లేచి వెళ్ళి భుజం తట్టింది. సెమెత్ గొడ్డలి చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. చూశాడు. ముందుగా అతను చేసిన పని, రొట్టెను మళ్ళీ ముఖం పైకి వచ్చేలా తిప్పి పెట్టడం. ఆ తర్వాతే కూలబడ్డాడు.

"ఈ అచ్చు ఎప్పట్నుంచి పడుతోందో" అన్నాడు.

"ఇలాంటివి కోటకి వెళ్ళాయా?"

"అక్కడి సైనికులు రోజూ మన రొట్టెలు తింటారు, వెళ్ళకుండా ఎలా ఉంటాయే."

ఆ చంద్రవంక ఒక్క చలికాలం పాటు నిలిచిన ప్రభుత్వానిది. ఆ చలికాలంలోనే సొంత వెండి నాణెం అచ్చు వేసింది. మంచు కరిగేలోపు ప్రభుత్వం పోయింది, కొత్త సైన్యం కాష్గర్ కోటలో దిగింది. దిగిన వారమే దండోరా వేయించింది. ఆ నాణెం ఎవరి దగ్గర దొరికినా కాల్చేస్తారు. తెచ్చి అప్పగిస్తే వదిలేస్తారు, కాకపోతే ఎవరిచ్చారో చెప్పాలి. వీధి చివర దూది ఏకే మనిషి ఆ మాట నమ్మి తనంతట తానే తీసుకెళ్ళి ఇచ్చాడు. అతని భార్య ఇప్పటికీ వాకిట్లో కూర్చుని దారి చూస్తూనే ఉంది.

హసియెత్ దగ్గరున్నది ఖర్చు పెట్టుకునే నాణెం కూడా కాదు. టంకశాలలో సుత్తి పట్టిన ఆమె తమ్ముడు యాకుప్ మొదటిరోజు కొట్టిన మొదటి దెబ్బ. దెబ్బ వంకరగా పడి చంద్రవంక అంచుకు జరిగిపోయింది, వెనక వైపు అచ్చే పడక నున్నగా మిగిలింది. మళ్ళీ కరిగించమని పడేసిన దాన్ని వాడు నవ్వుతూ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. సైన్యం వస్తోందనగానే తోటివాళ్ళతో కొండలు దాటి వెళ్ళిపోయాడు. ఆ నాణేన్ని నదిలో పారేస్తే వాడిక తిరిగి రాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తానే అనుకుంది, అనుకున్నాక మరి మార్చుకోలేకపోయింది.

అందుకని తందూరు గోడలో పెట్టారు. మండే తందూరులో చెయ్యి పెట్టి వెతికేవాడెవడు? సెమెత్ చౌడు మట్టి తడిపాడు, ఆమె గొర్రె బొచ్చు కత్తిరించి అందులో కలిపింది. నున్నటి వైపు బయటికి పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. సెమెత్ అలాగే పెట్టబోయాడు కూడా. "అందులో మన మతం పేరుంది, రాతను మట్టిలోకి బోర్లిస్తావా?" అని ఆమే అడ్డుపడింది. సరేనని అతను రాత బయటికి పెట్టి పైన పల్చగా మట్టి మెత్తాడు. రొట్టె గోడకు పట్టుకోవాలని ప్రతి వాయికీ ఉప్పునీళ్ళు చల్లుతాడు కదా, ఆ నీళ్ళు పల్చటి పూతను నాకేశాయి. కాలిన రొట్టెను కొక్కెంతో లాగి ముఖం పైకి బుట్టలో వేయడమే గానీ దాని వీపు చూసే అలవాటు వీధిలో ఎవరికీ లేదు.

సెమెత్ తందూరులోకి దీపం దించి చూశాడు. నాణెం రొట్టెలు అతికించే రెండో వరుసలో, నల్లబడి, కళ్ళు తెరుచుకుని ఉంది. ఉలితో గీకాడు. చుట్టూ మట్టి రాయిలా కాలిపోయింది, రాలేదు. గోడ పగలగొడితే పొద్దున కోటకు రొట్టెలుండవు, ఎందుకు లేవని అడుగుతారు. గబగబా గుప్పెడు మట్టి తడిపి దాని మీద అద్దాడు. రేపటి నుంచి ఆ చోటు ఖాళీగా వదిలేద్దామన్నాడు.

హసియెత్ తలుపు సందులోంచి వీధి అవతలికి చూసింది. ఆమెకు సైనికుల కంటే ఎదురుకొట్టు బావుదున్ అంటేనే ఎక్కువ భయం. సైనికులకు రొట్టె తెలియదు. అతనికి తెలుసు.

బావుదున్ ముసలివాడు, ఊళ్ళో పేరున్న రొట్టెలవాడు, నోరు మంచిది కాదు. సెమెత్ రొట్టెను చెప్పు అట్ట అని పిలవడం అతనికి నిత్యకృత్యం. కాలవలో తందూరు బూడిద పోశారని నిరుడు చలికాలం ఇద్దరికీ పెద్ద గొడవైంది, అప్పటి నుంచి ఉప్పూ నిప్పూగా ఉన్నారు. అతని కళ్ళు మాత్రం డేగ కళ్ళు. ఎవరి చేతిలో రొట్టె చూసినా ఎవరి కొట్టుదో చెప్పేస్తాడు. ఆ మాటకొస్తే వీధిలో పిల్లాడైనా చెబుతాడు. రొట్టె పొంగకుండా ముఖం మీద పొడిచేందుకు కోడి ఈకల మొనలు వలయాలుగా కట్టిన అచ్చు ఏ కొట్టుది ఆ కొట్టుకే. హసియెత్ అచ్చులో బయటి వలయంలో ఒక ఈక ఊడిపోయింది. దాంతో ఆమె రొట్టె మీద వలయం మూసుకోదు, ఒక చోట ఖాళీ ఉంటుంది. కొత్త ఈక కట్టాలని అనుకుంటూనే ఏడాది గడిపేసింది.

పొద్దున్నే కోట వంటవాడు రెండు బుట్టలతో వచ్చాడు. ఎప్పటిలాగే ముందు బావుదున్ కొట్టులో సగం, ఇక్కడ సగం నింపుకున్నాడు. హసియెత్ అతని ముఖాన్నే చూస్తూ నిలబడింది. ఆ ముఖం ఏనాడూ ఏమీ చెప్పదు, ఈరోజూ చెప్పలేదు. గాడిద మీద బుట్టలు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఊపిరి వదిలి తలెత్తేసరికి బావుదున్ వీధి దాటి వస్తున్నాడు. ఏడాదిగా దాటని వీధి అది.

"రాత్రి మట్టి పిసికారేం?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"తందూరు పగిలింది మామా."

"పగలక? ఆ మట్టి కలిపింది మీ ఆయన. పిండి పిసకడం రానోడికి మట్టి పిసకడం వస్తుందా?"

లోపల సెమెత్ పిండి కొట్టడం ఆపేశాడు. బావుదున్ బల్ల మీది రొట్టె ఒకటి రెండు చేతులా ఎత్తి, ముఖం మీది గుర్తును దగ్గరగా చూశాడు.

"ఈ ఊడిన ఈక ఎప్పుడు కట్టిస్తావమ్మాయ్? పన్నూడిన ముసలిది పళ్ళికిలించినట్టుంది" అని, రొట్టెను జాగ్రత్తగా ముఖం పైకి పెట్టేసి, వేళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అతనికి తెలిసిపోయిందని ఆమె లోపలికెళ్ళి మొగుడితో అంది. తెలిసుంటే ఈపాటికి కోటలో ఉండేవాడని సెమెత్ అన్నాడు. ఆ మాట ధైర్యానికి అన్నాడో భయానికి అన్నాడో అతనికే తెలియలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక సైనికులు వీధిలోకొచ్చారు. ముందు అధికారి, పక్కన దుబాసీ, వెనక తుపాకులు, అందరికంటే వెనక తల దించుకుని వంటవాడు. అధికారి అరచేతిలో ఒక రొట్టె ఉంది. బోర్లా ఉంది. వీధిలో వాళ్ళంతా ముందు చూసింది అదే. టోపీలు కుట్టే ముసలాయన అప్పుడు కూడా చూడలేక కళ్ళు తిప్పుకున్నాడు.

ఇది ఎవరి రొట్టె అని దుబాసీ అరిచాడు. వీధి మొగలో మొదట తగిలే కొట్టు బావుదున్‌ది. అధికారి అక్కడ ఆగి రొట్టెను అతని ముఖం ముందుకు తోశాడు, చంద్రవంక పైకి కనబడేలా.

హసియెత్ బల్ల వెనక ఈకల అచ్చును పిడికిట్లో పట్టుకుని ఉంది. ఈకల మొనలు అరచేతిలో దిగుతున్నా తెలియడం లేదు. ఆమె వెనక సెమెత్ మోచేతుల దాకా పిండితో అలాగే నిలబడిపోయాడు.

బావుదున్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. రొట్టెను రెండు చేతులా అందుకుని, బోర్లా ఉన్న రొట్టెను ఏ మనిషైనా చేసేదే చేశాడు, ముఖం పైకి తిప్పాడు. వలయంలో ఖాళీ హసియెత్‌కు వీధి ఇవతలి నుంచే కనిపించింది. టోపీల ముసలాయనకూ, చాయ్ కొట్టువాడికీ కనిపించే ఉంటుంది. అయిపోయింది అనుకుంది ఆమె. ఇప్పుడు తలెత్తుతాడు, ఇటు చూస్తాడు.

బావుదున్ తలెత్తలేదు. రొట్టె ముఖం కేసి చూస్తూనే, "మాదే" అన్నాడు.

అతన్ని గోడకు నిలబెట్టి తందూరును గునపాలతో పగలగొట్టారు. చౌడు మట్టి దుమ్ము వీధంతా కమ్మింది. ప్రతి పెళ్ళనూ తొక్కి చూశారు. ఏమీ దొరకలేదు. నాణెం ఎక్కడ దాచావని తుపాకి మడమతో కొట్టి, చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్ళిపోయారు. వీధి ఇవతలికి ఎవరూ కన్నెత్తి చూడలేదు. దొంగ దొరికాక వెతుకులాట దేనికి?

వాళ్ళు మలుపు తిరగ్గానే సెమెత్ పిండి చేతులతోనే గడప వైపు కదిలాడు. తాను వెళ్తానన్నాడు. హసియెత్ అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, పిండి జారుతున్నా వదల్లేదు.

"కూర్చో" అంది.

అతను కూర్చున్నాడు. ఆ ఒక్క మాట అన్నది తానేనని ఆమె ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకుందో లెక్కలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆమె ఈకల అచ్చు ముందేసుకుని కూర్చుంది. కోడి ఈక ఒకటి ఏరి మొన కోసి, ఖాళీ ఉన్న చోట కట్టబోయింది. దారం ముడి పడటం లేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించాక ఒక సంగతి తట్టింది. రేపు వలయం మూసుకుంటే ఎందుకు మూసుకుందో వీధిలో అందరికీ తెలుస్తుంది. ఈకను పొయ్యిలో పారేసింది.

మర్నాడు వంటవాడు రెండు బుట్టలూ వాళ్ళ కొట్టులోనే నింపుకున్నాడు. వీధివాళ్ళూ వచ్చారు. ఎవరూ బేరమాడలేదు, ఎవరూ వేళాకోళం చేయలేదు. రొట్టె తీసుకున్నారు, దాని ముఖం ఒకసారి చూశారు, వెళ్ళిపోయారు. వాళ్ళు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తెరిపిగా ఉండేది.

వీధిలో ఎవరి అడుగు చప్పుడైనా ఆమెకు కోట నుంచి వస్తున్నట్టే ఉంది. ముసలి ప్రాణం, ఎన్ని దెబ్బలకు తట్టుకుంటాడు, ఏ దెబ్బకు నోరు జారుతాడు? పిండి మీద అచ్చు పొడుస్తూ పొడుస్తూ, ఆ మనిషి చెప్పకముందే పోతే బావుణ్ణనుకుంది. అచ్చు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుంటున్నావని సెమెత్ అడిగేసరికి మళ్ళీ అచ్చు అందుకుంది.

మధ్యాహ్నం బావుదున్ భార్య తాజిఖాన్ వీధి దాటి వచ్చింది. రెండు చేతుల్లో గుడ్డ కప్పిన మట్టి గిన్నె. హసియెత్ లేచి నిలబడింది.

"మా పులిసిన పిండి, రొట్టెకు తోడుపెట్టేది" అంది తాజిఖాన్, గిన్నె బల్ల మీద పెట్టి. "కొత్త పిండి పడకపోతే రేపటికి చచ్చిపోతుంది. మా అత్తగారి నాటి నుంచి వస్తోంది. మా తందూరు కట్టుకునేదాకా మీ ఇంట్లో బతికించి పెట్టు."

"అత్తా, ఆ రొట్టె…"

"నేనూ చూశాను దాని ముఖం. ఆయన రొట్టెలకు ఇన్నేళ్ళుగా అచ్చు పొడిచేది నేను కాదా?" ముసలామె గొంతు పెంచలేదు. "ఆయన మాదే అన్నాడు. ఆయనన్న మాట నేను కాదనను. నిన్నేమీ అడగను కూడా. దీన్ని మాత్రం చావనీయకు."

ఆ గిన్నెను తమ పిండి గిన్నె పక్కన పెట్టుకుని హసియెత్ ఆ రాత్రి కంటి మీద కునుకు లేకుండా గడిపింది. తెల్లారి వంటవాడు వెళ్ళాక ముసుగు వేసుకుని, ఈకల అచ్చును చొక్కా చేతిలో దాచుకుని కోటకు బయలుదేరింది. సెమెత్‌కు చెప్పలేదు. చెబితే తానే వెళ్తానంటాడు. నాణెం తమ్ముడిది, రాత బయటికి పెట్టమన్నది తాను, వెళ్ళాల్సిందీ తానే.

కోట గుమ్మం ముందు అన్నం మూటలతో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. దూది ఏకే మనిషి భార్య కూడా ఉంది. గుమ్మం సగం తెరిచి ఉంది. లోపల ఆవరణ, ఒక బావి, అటూ ఇటూ తిరిగే సైనికులు. దుబాసీని పిలిపించి, ఈ అచ్చు చూడండి, ఆ రొట్టె మాది అని చెప్పాలి. అంతే. మాటలన్నీ దారిలో కూర్చుకుంది. కాపలావాడు ఆమె వైపు చూసి ఏం కావాలన్నట్టు గడ్డం ఎత్తాడు.

ఆమె కాలు కదల్లేదు. అచ్చు చొక్కాలో చెమటకు తడుస్తోంది. ఇంకొంచెం సేపాగి వెళ్దాం, ఈ గుంపు తగ్గాక వెళ్దాం అనుకుంటూ నిలబడింది. గుంపు తగ్గింది. నీడ గోడ దాటింది. చివరికి కాలు కదిలింది, ఇంటి వైపు కదిలింది. దారి పొడుగునా ఆమె తన్ను తాను తిట్టుకుంది. ఇంటికొచ్చి ముందు తాజిఖాన్ గిన్నెలో గుప్పెడు పిండి, కాసిని గోరువెచ్చటి నీళ్ళు పోసి కలిపింది. ఆ ఒక్క పనికే తాను పనికొస్తాననిపించింది.

బావుదున్‌ను ఆ మర్నాడు వదిలేశారు. తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చాడు, చాలా నెమ్మదిగా. కుడిచేతి వేళ్ళు ఉబ్బి నల్లబడి ఉన్నాయి. కొట్టు ముందు మట్టి గుట్ట పక్కన కూర్చుని, ఎడమచేత్తో చాయ్ తాగుతూ, వీధి మీద వెళ్ళేవాళ్ళ పలకరింపులకు తలాడించాడు. ఎలా వదిలారని చాయ్ కొట్టువాడు అడిగితే, పొయ్యి మీరే పగలగొట్టారు, నాణెం దొరికితే మీరే ఉంచుకోండి అన్నానని చెప్పాడు. నాణెం దొరక్క, కొట్టి కొట్టి విసుగొచ్చిందట. కోటలో వాళ్ళకు సెమెత్ రొట్టె ఒక్కటే తిని పళ్ళు నొప్పి పుట్టి ఉంటుందని కూడా అన్నాడు.

సెమెత్ ఇంక ఎవర్నీ తన చెయ్యి పట్టుకోనివ్వలేదు. పలుగు, పార, తడిపిన చౌడు మట్టి మోసుకుని వీధి దాటాడు. పెళ్ళలు ఏరి, తందూరు అడుగు కట్టడం మొదలుపెట్టాడు. హసియెత్ గొర్రె బొచ్చు, కత్తెర తీసుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. తాజిఖాన్ నీళ్ళు పోస్తోంది.

"మామా" అంది హసియెత్ బొచ్చు కత్తిరిస్తూ. "నేను కోట దాకా వచ్చాను. లోపలికి రాలేకపోయాను."

"చూశాను" అన్నాడు బావుదున్. "బావిలో నీళ్ళు తోడిస్తున్నారు నాచేత. గుమ్మంలోంచి నువ్వు కనబడ్డావు. నువ్వింకో అడుగు ముందుకేస్తే నేను తిన్న దెబ్బలన్నీ దండగ. అక్కడున్నన్నాళ్ళూ నాకు నిజంగా భయమేసింది అప్పుడొక్కసారే. నువ్వు వెనక్కి తిరిగాకే ఊపిరాడింది."

ఆమె కత్తెర ఆగిపోయింది. "ఎందుకన్నావు మామా, మాదే అని?"

"చెప్పు అట్టను తెచ్చి నా రొట్టె అని చెప్పుకోవాల్సొచ్చింది. ఆ సిగ్గు ముందు ఈ వేళ్ళెంత?" సెమెత్ మట్టి పిసుకుతూ తల ఇంకా కిందికి వంచాడు. బావుదున్ కాసేపు అతన్నే చూసి గొంతు తగ్గించాడు. "ఆ రొట్టె నా చేతిలో పెట్టి ఎవరిదో చెప్పమంటే ఎవర్ని చూపించేదమ్మాయ్? ఎదురుకొట్టు వైపు వేలు చూపించి, రేపు ఆ కొట్టు ఎదురుగానే కూర్చుని రొట్టెలమ్మనా?"

గోడ మోకాలెత్తు లేచింది. బావుదున్ అటూ ఇటూ చూసి, "ఇంకా మీ గోడలోనే ఉందా?" అన్నాడు.

లేదని సెమెత్ చెప్పాడు. బావుదున్ వస్తున్నాడని వినగానే నిప్పు ఆర్పేసి, ఉలి పెట్టి పెళ్ళతో సహా ఊడగొట్టాడు. ఇప్పుడది హసియెత్ నడుము గుడ్డలో ఉంది. ఈసారి నదిలో వేసేస్తానని ఆమె అంది.

"ఇలా తే" అన్నాడు ముసలాయన. "ఈ పొయ్యిని ఒకసారి పిండి చేసి చూశారు. వెతికిన చోటే మళ్ళీ ఎవడూ వెతకడు. మీ వాడు కొండ దిగి వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. జానెడు లోతున, నున్నటి వైపు బయటికి."

ఆమె నాణెం తీసింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. రాతను మట్టిలోకి ఎలా బోర్లించడం? సందేహం ఆమె నోట రాకముందే బావుదున్ అర్థం చేసుకున్నాడు.

"అది పడమటి గోడ. రాత కిబ్లా వైపు చూస్తుంది. నువ్వూ నేనూ నమాజుకు తిరిగేదీ అటే కదా."

హసియెత్ వంగి, మెత్తటి మట్టిలో జానెడు గుంట చేసి, తమ్ముడి వంకర చంద్రవంకను పడమటి వైపు తిప్పి లోపలికి నొక్కింది. మీద మట్టి కప్పింది, ఇంకా కప్పింది. సెమెత్ దాని మీద ఇంకో వరుస లేపాడు.

"ఇక వెళ్ళి ఆ ఈక కట్టించుకో" అన్నాడు బావుదున్. "ఇంతకీ నా పిండి చావనీయలేదుగా?"

"లేదు మామా" అంది హసియెత్, తలెత్తకుండా, గోడను తడి అరచేత్తో రాస్తూ.